కుడి పక్కకు తిరగండి

స్కానింగు గదిలో అతన్ని అందరూ కండక్టరనే పిలిచేవారు. పదకొండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి ముప్పై ఆరో ఏట అల్ట్రాసౌండు నేర్చుకుంటానని వస్తే ఇంకో పేరెక్కడ నిలుస్తుంది? మొదటిరోజు ఒక రోగిని మంచం దగ్గరికి తీసుకొచ్చి, "ఎక్కండి, ఎక్కండి, కాస్త లోపలికి జరగండి" అన్నాడు. వెనక కుర్చీలో ఉన్న, అతనికి పని నేర్పే పెద్దమేడం పగలబడి నవ్వింది. దాంతో పేరు ఖాయమైపోయింది.

ఆ సోమవారం ఉదయం మంచం మీద పడుకున్నది ఒక రిటైరైన టైపిస్టు. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. రెండు చోట్ల స్కానింగు అయింది, ఎక్కడా ఏమీ తేలలేదు. కండక్టరు ఆవిడ పొట్ట మీద జెల్లీ పూసి, బొమ్మ తీసే ప్రోబు ఆనించాడు. లివరు చూశాడు, పిత్తాశయం చూశాడు. అక్కణ్ణించి కిందికి దిగే సన్నటి గొట్టం వెంట పోతూ ఉంటే, సగం దూరం వెళ్ళేసరికి పేగుల్లో గాలి అడ్డం పడి తెరంతా బూడిదరంగు మబ్బైపోయింది.

"ఇక్కడే ఆగిపోయి ఉంటారు వాళ్ళు" అంది పెద్దమేడం వెనకనుంచి.

కండక్టరు ఆగలేదు. ఆవిడ చేత రెండు గ్లాసుల నీళ్ళు తాగించాడు. లేపి కూర్చోబెట్టాడు, పక్కకు వంచాడు, మళ్ళీ పడుకోబెట్టాడు. "ఊపిరి పీల్చండి, పట్టండి, చాలు, వదిలెయ్యండి" అని ఇరవై సార్లైనా అని ఉంటాడు. ఇరవై ఐదు నిమిషాల తర్వాత గొట్టం చివర తెల్లటి చుక్క, దాని వెనక నల్లటి నీడ కనిపించాయి. మణికట్టు కదలకుండా ఎడమచేత్తో బొమ్మ నిలిపాడు.

"రాయి" అన్నాడు మెల్లిగా.

"కొలత తియ్యి" అంది పెద్దమేడం. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. నాలుగు నెలలుగా అది అక్కడే ఉంటోంది. ఇరవై రెండేళ్ళు ప్రోబు పట్టిన భుజం ఇప్పుడు రొమ్ము ఎత్తుకు మించి లేవడం లేదు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. "నువ్వు పట్టు, నేను చూస్తా" అనేది ఆమె. పొద్దున్నే మెషిన్లో ఆమె పేరు కొడితే, రోజంతా అతను తీసే బొమ్మల మీద ఆ పేరే పడేది. సర్టిఫికెట్టు లేనివాళ్ళ పేరు మెషిన్ తీసుకోదు.

మధ్యాహ్నం రిపోర్టు డాక్టరు గదిలోకి తొంగిచూశాడు. టెక్నీషియన్లు తీసిన బొమ్మలన్నీ చదివి సంతకం పెట్టేది ఆయనే. గదుల్లోకి రావడం అరుదు.

"రెండు చోట్ల దొరకని రాయిని పట్టారు మేడం. మీ చెయ్యి మీ చెయ్యే."

పెద్దమేడం తెర వైపు చూసింది. "కాస్త ఓపిక పట్టాం డాక్టర్, దొరికింది."

డాక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. కండక్టరు ప్రోబుకు అంటిన జెల్లీ తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. 'పట్టాం' అనడమే తప్ప, ఫలానా వాడు అని ఒక్క మాట ఆమె నోట రాలేదు. వస్తుందేమోనని అతను ఆ డాక్టరు బూట్ల చప్పుడు వినబడినంతసేపూ చూశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నం ముందు కూర్చుని భార్యతో చెప్పాడు. ఆమె ఒక చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా పదిమంది కాళ్ళ ముందు కూర్చునే మనిషి కాబట్టి ఎవరి గొప్పలూ ఆమెను అంత తొందరగా కదిలించవు.

"అడగలేకపోయారా?"

"ఏమని అడగను? ఆ రాయి నాదీ అనా?"

"రాయి మీదీ కాదు, ఆవిడదీ కాదు. ఆ టైపిస్టుగారిది" అంది భార్య.

అతనికి నవ్వు రాలేదు. ముద్ద కలిపి, తినకుండా లేచాడు.

మంగళవారం భోజనాలయ్యాక పెద్దమేడం లేచి, "నేను అలా వెళ్ళి కాసేపు పడుకొస్తా. ఏదైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యి" అంది. భుజానికి వేడి నీళ్ళ సంచీ పెట్టుకోవడానికి వెళ్తోందని అతనికి తెలుసు. ఆమె వెళ్ళిన రెండు గంటల్లో ఏడుగురిని చూశాడు. మామూలుగా అయితే నలుగురు.

నాలుగో మనిషి ఇళ్ళకు రంగులేసే పెయింటరు. యాభై దాటి ఉంటాయి. గోళ్ళ అంచుల్లో నీలిరంగు ఇంకా పోలేదు.

"ఎడమ పక్కన ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టుంటుంది సార్. నిచ్చెనెక్కితే మరీను."

"పడుకోండి. చొక్కా పైకి లాగండి."

కుడి కిడ్నీ లివరు చాటునుంచి అద్దంలో చూసినట్టు కనిపించింది. ఎడమది అంత మర్యాదగా ఎప్పుడూ కనిపించదు. పక్కటెముకల నీడలు ఒకవైపు, పేగుల గాలి ఒకవైపు. కింది భాగం దొరికింది, నడిమి భాగం దొరికింది. పై భాగం నీడలో ఉండిపోయింది. అప్పుడేం చెయ్యాలో అతనికి నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మనిషిని కుడి పక్కకు తిప్పాలి. ఎడమ చెయ్యి తల మీదుగా చాపమనాలి. ఊపిరి బాగా పీల్చి పట్టమనాలి. ఎముకలు విచ్చుకుని, కిడ్నీ కిందికి జారి, నీడలోంచి బయటికొస్తుంది.

అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తెర మీద పైన మూలగా పెద్దమేడం పేరు ఉంది. ఎవరి పేరు కోసం ఈ తంటాలు అనుకున్నాడు. కొంచెం తీరుబడిగా కూడా అనుకున్నాడు, నోట్లో చప్పరించినట్టు. రెండు బొమ్మలు నిలిపి, గుడ్డ తీసుకుని జెల్లీ తుడుచుకోమని ఆ మనిషికి ఇచ్చాడు.

"అయిపోయింది, దిగండి."

ముందు ముగ్గురినీ తొందరగానే దించాడు, మిగతా ముగ్గురినీ అలాగే దించాడు. నాలుగింటికి పెద్దమేడం వచ్చి, ఎడమచేత్తో మీట తిప్పుతూ బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. పెయింటరు దగ్గర ఆగింది.

"ఎడమది పూర్తిగా వచ్చిందా?"

"వచ్చింది మేడం."

"పై భాగం?"

"చూశాను మేడం. బాగానే ఉంది. బొమ్మ సరిగ్గా నిలవలేదంతే."

ఆమె అతని మొహం వైపు చూసింది. తర్వాత మీట నొక్కి బొమ్మలు డాక్టరుకు పంపేసింది. ఆ రోజు ఐదయ్యేసరికి బయట బెంచీలు ఖాళీ. ఊడ్చే మనిషి వచ్చి, "ఇవాళ ఎక్స్‌ప్రెస్సు నడిపావే కండక్టరూ, ఎక్కడా ఆపకుండా" అన్నాడు.

శనివారం ఉదయం రిపోర్టు డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి తొంగిచూడలేదు. లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. చేతిలో రెండు రకాల ఫిల్ములున్నాయి.

"మంగళవారం వచ్చిన పెయింటరు. నిన్న మూత్రంలో నెత్తురు పడిందని వచ్చి వార్డులో చేరాడు. సీటీ తీశారు. ఎడమ కిడ్నీ పై భాగంలో గడ్డ." ఫిల్మును దీపం వెలుగుకు ఎత్తి పట్టాడు. "మన స్కానింగులో పై భాగం బొమ్మ ఏది మేడం?"

పెద్దమేడం తన తెర మీద ఆ రోజు బొమ్మలు తీసింది. కింది మూల టైము చూసింది. మధ్యాహ్నం రెండూ నలభై. ఆ టైముకు తను ఎక్కడుందో ఆమెకు తెలుసు. కండక్టరు గోడకానుకుని నిలబడ్డాడు. చేతిలో ఉన్న కాగితపు దుప్పటి చుట్ట ఎప్పుడు నలిగిందో అతనికి తెలియదు.

"లేదు డాక్టర్. నా పొరపాటు" అంది ఆమె.

"ఇరవై రెండేళ్ళ అనుభవం మీది. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు చేసే తప్పు. బొమ్మల్లో ఏముంటే అదే కదా నేను చదివేది? సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వండి."

ఆయన వెళ్ళాక కండక్టరు "మేడం" అన్నాడు.

"తరవాతి పేషెంటుని పిలు."

ఆ రోజంతా ఆమె పని మాట తప్ప వేరే మాట ఆడలేదు. అతను ప్రతి మనిషినీ కుడి పక్కకు తిప్పాడు, ఎడమ పక్కకు తిప్పాడు. అవసరం లేనివాళ్ళను కూడా తిప్పాడు. చివరి మనిషి వెళ్ళాక ఆమె బల్ల సొరుగులోంచి అతని రికార్డు పుస్తకం తీసింది. కోర్సు పూర్తి కావాలంటే అందులో ప్రతి కేసు పక్కనా సీనియరు సంతకం ఉండాలి. వచ్చే శుక్రవారం పరీక్ష.

"మంగళవారం నిన్ను అడిగాను."

"అవును మేడం."

"రెండుసార్లు అడిగాను."

"అబద్ధం చెప్పాను."

ఆమె కుడి మోచేతిని ఎడమ చేత్తో ఎత్తి, ఏదో వస్తువును పెట్టినట్టు బల్ల మీద పెట్టుకుంది. పెన్ను తీసుకుంది. ఒక్కో గడిలో సంతకం పెడుతూ పోయింది. మంగళవారం గళ్ళ దగ్గర కూడా ఆగలేదు.

"మీరెందుకు ఒప్పుకున్నారు మేడం? నేనే చేశానని చెప్పొచ్చుగా."

"రాయి దొరికినప్పుడు ఆయన మెచ్చుకుంటే ఊరుకున్నాను. ఆ మెప్పు నీకు రావాల్సిందని నాకు తెలుసు. నీ మొహం కూడా చూశాను. ఇవాళ తిడితే మాత్రం నాది కాదంటే ఏం బాగుంటుంది?" పుస్తకం మూసి అతని వైపు జరిపింది. "పట్టుకెళ్ళు. పరీక్ష బాగా రాయి. ఇంకెప్పుడూ నాతో అబద్ధం చెప్పకు."

ఆదివారం అతను ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. భార్య తడిబట్టలు ఆరేసి వచ్చేసరికి అతని ముందు ఒక కాగితం ఉంది. దాని మీద ఆరు వరసలున్నాయి.

"ఏంటది?"

"మంగళవారం ఏడుగురిని చూశాను. పెయింటరు పోగా ఆరుగురు." వేలితో చూపించాడు. "ఈమెకు పిత్తాశయం ఒక్క వైపునుంచే చూశాను. ఇతనికి రెండు కిడ్నీలూ సరిగ్గా కొలవలేదు. ఈ అబ్బాయికి అపెండిక్సు దొరకలేదు, ఒత్తి చూడాలి, చూడలేదు. వీళ్ళిద్దరికీ లివరు కుడి చివర వదిలేశాను. ఈయనకేం వదిలేశానో కూడా గుర్తులేదు."

భార్య కాగితం తీసుకుని చదివింది. చదువుతూనే పక్కన కూర్చుంది.

"ఆ ఆరుగురికీ ఏమీ లేకపోవచ్చుగా?"

"లేదని చూసి చెప్పాలి. నేను చూడకుండా చెప్పాను."

"ఇది బయటపెడితే ఆవిడ భుజం సంగతీ బయటికొస్తుంది."

"వస్తుంది."

"ఆవిడ మిమ్మల్ని కాపాడితే, మీరు ఆవిణ్ణి బజార్న పెట్టినట్టవుతుంది."

"అవుతుంది."

"పరీక్ష?"

అతను పుస్తకం మూశాడు. భార్య కాగితాన్ని మడిచి, అతని చొక్కా జేబులో పెట్టి, చొక్కాను మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

సోమవారం తలుపులు తెరవకముందే వెళ్ళి పెద్దమేడానికి ఆ కాగితం ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. చదివాక మొహం గట్టిపడింది.

"నాకిది ముందే చూపించడం దేనికి? అనుమతి కావాలా?"

"కాదు మేడం. డాక్టరు నోట మీరు వినడం బాగుండదని."

"నా భుజం సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటా. ఈ ఆరుగురినీ నేనే ఏదో వంక పెట్టి మళ్ళీ పిలిపిస్తా. నువ్వు చూడు. మూడోవాడికి తెలియక్కర్లేదు."

"మళ్ళీ నేనే చూసి, మళ్ళీ మీ పేరు మీదేనా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, మెషిన్ మీట నొక్కింది. తెర వెలిగింది. పేరు అడుగుతూ గీత మెరుస్తూ ఉంది. ఆమె చెయ్యి అక్షరాల మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఆ మనిషి ఆ కుర్చీలో కూర్చోబట్టి ఇరవై రెండేళ్ళు. ఆ కుర్చీ కాక ఆమెకు ఇంకేముందో కండక్టరుకు తెలియదు. ఆమెకే తెలియదేమో.

అతను కాగితం తీసుకుని బయటికొచ్చాడు. డాక్టరు గది ముందు నిలబడి తలుపు కొట్టబోతూ ఉంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

"నువ్వు చెప్తే సగమే చెప్తావు" అంది పెద్దమేడం. అతన్ని దాటి, ఎడమచేత్తో తలుపు తోసింది. "పద."

లోపల మాటలు ఎక్కువ జరగలేదు. కండక్టరు మంగళవారం తనేం చేశాడో, మేడంతో ఏం అబద్ధమాడాడో చెప్పాడు. పెద్దమేడం తన చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎత్తి చూపించింది. ఎవరూ అడగకుండానే. డాక్టరు మొహం ఎర్రబడింది. ఇది ఎన్నాళ్ళనుంచి, ఎంతమందికి అని గట్టిగా అడిగాడు. నాలుగు నెలలనుంచి అని ఆమె చెప్పింది. ఆ మంగళవారం ఒక్క పూట తప్ప ప్రతి కేసుకూ తను వెనకే కూర్చున్నానంది.

"ఇంకోటి కూడా ఉంది డాక్టర్" అంది ఆమె. "ఎడమ కిడ్నీకి రెండే బొమ్మలొచ్చాయి. మూడోది ఏదని మీరు మమ్మల్ని అడగలేదు. బాగానే ఉందని సంతకం పెట్టారు. ఆ మాట నా సంజాయిషీ కాగితంలో రాయలేదు. రాయమంటే రాస్తాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, "ఆ ఆరుగురి పేర్లు ఇటివ్వండి" అన్నాడు.

బుధవారానికల్లా రెండో గది టెక్నీషియను ఆరుగురినీ మళ్ళీ చూసింది. ఐదుగురికి ఏమీ లేదు. ఒకామెకు పిత్తాశయం గోడకు చిన్న పులిపిరి లాంటిది ఉంది. ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. పెద్దమేడానికి భుజం చికిత్స కోసం సెలవు ఇచ్చారు. తిరిగొచ్చాక మెషిన్ మీద కాదు, పాఠాలు చెప్పే గదిలో అన్నారు. ఆమె వెళ్ళేటప్పుడు గదంతా ఒకసారి చూసుకుని, తనకు సరిపోయేలా ఎత్తి పెట్టుకున్న కుర్చీని మామూలు ఎత్తుకు దించి వెళ్ళింది.

అతనికి పరీక్ష రద్దయింది. ఆరు నెలలు ప్రోబు ముట్టకూడదు. ఆ తర్వాత కావాలంటే మొదటి కేసునుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అందాకా బయట పేర్లు పిలవడం, మంచం మీద కాగితం మార్చడం.

"మళ్ళీ కండక్టరు పనే అన్నమాట" అంది భార్య ఆ సాయంత్రం.

"ఈసారి టికెట్లు కూడా లేవు" అన్నాడు అతను. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

గురువారం మధ్యాహ్నం అతను వార్డుకు వెళ్ళాడు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. పెయింటరు కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. వచ్చే వారం ఆపరేషను. కిడ్నీలో గడ్డ ఉన్న భాగం తీసేస్తారు. పక్కనే అతని భార్య కూర్చుని, ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"నేను స్కానింగు గదిలో..." అని మొదలుపెట్టాడు కండక్టరు.

"గుర్తున్నావయ్యా. కూర్చో" అన్నాడు పెయింటరు.

కూర్చోలేదు. "ఆ రోజు మీకు చేసింది నేనే. కిడ్నీ పై భాగం చూడలేదు. చూడాలని తెలుసు. చూడకుండానే చూశానని చెప్పాను."

పెయింటరు భార్య చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది.

"నాలుగు రోజులేగా. నాలుగు రోజులకు పెద్ద తేడా ఉండదన్నారు డాక్టర్లు" అన్నాడు పెయింటరు.

"నెత్తురు పడబట్టి నాలుగు రోజులు. పడకపోతే ఎన్నేళ్ళు?" అంది ఆమె. మొగుడితో కాదు, కండక్టరుతో. "ఆ రోజు నీకేమైంది బాబూ?"

"కోపంగా ఉన్నానమ్మా."

"ఈయన మీదా?"

"కాదు."

"మరి ఈయన మీద ఎందుకు చూపించావు?"

కండక్టరు వచ్చే దారిలో చాలా మాటలు సర్దిపెట్టుకున్నాడు. వాటిలో ఒక్కటీ ఆ ప్రశ్నకు సరిపోలేదు.

పెయింటరు గొంతు సవరించుకున్నాడు. "మేమూ అంతే. బీరువా వెనక గోడకు ఒక్కోసారి రంగు వెయ్యం. జరపడానికి బద్ధకం. ఇంటివాళ్ళు చూడరులే అని..."

"మీరూరుకోండి" అంది భార్య. "గోడకు నెత్తురు రాదు."

వార్డు చివర ఎవరో దగ్గుతున్నారు. ఇక వెళ్ళిపోవాలని కండక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎలా చూడాల్సింది?" అని అడిగింది ఆమె.

"ఏంటమ్మా?"

"చూడాలని తెలుసన్నావుగా. ఎలా చూడాలి?"

అతను మంచం దగ్గరికి వచ్చాడు. "కుడి పక్కకు తిరగాలి" అన్నాడు. పెయింటరు తన భార్య వైపు చూశాడు. ఆమె తువ్వాలు పక్కన పెట్టి లేచి, మొగుడి వీపు కింద చెయ్యి పెట్టి, సెలైను గొట్టం ఒత్తుకోకుండా మెల్లిగా తిప్పింది.

"ఎడమ చెయ్యి తల మీదుగా."

ఆ చెయ్యి కూడా ఆమే ఎత్తి పెట్టింది. నీలిరంగు అంటిన వేళ్ళు దిండు అవతలికి వేలాడాయి. పక్కటెముకలు చర్మం కింద ఒకదానికొకటి దూరం జరిగాయి.

"ఊపిరి బాగా పీల్చి పట్టాలి."

పెయింటరు పీల్చి పట్టాడు. ముగ్గురూ కదల్లేదు.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతేనమ్మా."

ఆమె అతని మొహంలోకి చూస్తూనే ఉంది. పెయింటరు ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. అది గమనించి కండక్టరు వంగి, "వదిలెయ్యండి. ఇక వదిలెయ్యండి" అన్నాడు.